పిట్టదారి: టీకా తాత్పర్య సహితము

మూలము:
"పులివెందలకా నాయనా? పిట్టకైతే దగ్గర్నే. మనకు ముద్దనూరు మీద పోవల్ల."

అవతారిక: జమ్మలమడుగు బస్టాండులో ఎంత దూరమని అడిగిన కొత్తవానికి ఒక పెద్దాయన చెప్పిన మాట ఇది. అడిగినవాడు అంకె కోరెను. పెద్దాయన అంకె ఇయ్యక, రెండు దారులు చూపి, ఒకటి పిట్టకును రెండవది మనకును పంచి, బీడీ ముట్టించుకొనెను.

టీక: పులివెందలకా = పులివెందులకేనా (అంత పనేమొచ్చెనను ధ్వని గలదు); నాయనా = సొంత బండి లేని ఓ బాటసారీ; పిట్టకైతే = రెక్కలున్నదానికైతే; దగ్గర్నే = సూటిగా సుమారు 50 కిలోమీటర్లే; మనకు = నాకును, నీకును, ఆర్టీసీకిని; ముద్దనూరు మీద = ముద్దనూరిలో దిగి, టీ తాగి, ఇంకొక బస్సుకై మెడ సాచి; పోవల్ల = పోక తప్పదు.

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: ఏ పిట్ట? ఈ కడప జిల్లాకు పేరు తెచ్చిన పిట్ట కలివికోడి. అంతరించెనని అందరు అనుకొనగా, 1986లో లంకమల అడవుల వైపు మరల కనబడెను. అది ఎగురుటకంటె నేల మీద పరుగెత్తుటకే ఇష్టపడును. రాత్రిపూట తిరుగును. కావున దానికిని ముద్దనూరే గతియని కొందరు. పెద్దాయన చెప్పినది కాకిని గూర్చియని నా మతము.

కడపలో 2015 నుండి విమానములు దిగుచున్నవి కదా యనిన, కడపకు పోవు దూరములో పులివెందులకే పోవచ్చును. విమానము దిగినవాడు మరల బస్సే ఎక్కవలెను. రైలు మాట అంటిరా, 2016లో వచ్చిన నంద్యాల–ఎర్రగుంట్ల మార్గము జమ్మలమడుగును, ప్రొద్దుటూరును పలకరించెను. పులివెందుల వైపు చూడలేదు. ముఖ్యమంత్రుల ఊరు గనుక హెలికాప్టరు సంగతేమందురేమో! అందులో టికెట్టు కొట్టరు. కావున ఈ విచారణకు బయటిది.

ఇక అసలు చిక్కు. రోడ్డున లెక్కించినను దూరము సుమారు 60 కిలోమీటర్లే. పెన్న గండికోట వద్ద కొండను నిలువున కోసినదే గాని, జమ్మలమడుగు చేరుసరికి ఇసుక పరచుకొని వంతెనకు లొంగును. ఏరు దాటినచో ముద్దనూరు, తొండూరు ఇంచుమించు దారిలోనివే. పిట్ట మిగిల్చుకొనునది పది కిలోమీటర్లు! ఈ మాత్రమునకు పెద్దాయన గొంతున అంత నిష్ఠూరమేల? అది దూరము మీద కాదు, బస్సు మారుట మీద. పిట్టకు గల భాగ్యము రెక్కలు కావు; నడుమ దిగి నిలబడు పని లేకుండుట. నేరు బస్సు దొరికిన దినమున ఇదే పెద్దాయన "ఈడ్నే కదప్పా" యనును.

పాఠాంతరము: ప్రొద్దుటూరు ప్రతిలో "ఎర్రగుంట్ల మీద" యని యున్నది. అచటి నుండియు పిట్టకు దూరము దాదాపు అంతే. ఎర్రగుంట్ల తరువాత ముద్దనూరా, వేంపల్లెనా యనుచోట వ్యాఖ్యాతలు రెండు తెగలైరి. ఇరువురును ఎవరి బస్సు ముందు వచ్చునో దానినెక్కుదురు. పులివెందుల ప్రతిలో దూరప్రసక్తియే లేదు. ప్రొద్దుటూరికి దారి అడిగినవానిని అచట "బంగారానికా, గుడ్డలకా?" అని అడుగుదురు, జవాబును బట్టి వెంట బయలుదేరువారును గలరు.