ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఆత్మకథ

మెట్లగది గోడకు బిగించిన ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ని నేను. పేరంతా డాబా మీద మెరిసే సోలార్ పలకలది. అవి పుట్టించే డీసీని ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ పనికొచ్చే ఏసీగా మార్చే చాకిరీ నాది. 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్లకు సోలార్ అనే లక్ష్యంతో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి, ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రాళ్లూ పెరిగారు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే అమ్మకాలు, కమీషన్లు, పోర్టల్లో దరఖాస్తులు అంటారు చాలామంది. నా ఒంట్లో పారే కరెంటును బట్టి నేను చెప్పేది వేరు: ముందు మంచి ఎలక్ట్రీషియన్ కావాలి, సోలార్ ఆ తర్వాత.

కారణం డీసీ. 540 వాట్ల పలకలు ఆరింటిని వరుసగా కలిపితే లోడు లేనప్పుడు ఆ వైర్ల చివర 300 వోల్టులకు దగ్గరగా ఉంటుంది. ఇంటి మెయిన్ ఆపేసినా సరే, ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి వచ్చే వైర్లలో ఆ వోల్టేజీ పోదు. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాను తాకుతుంది కాబట్టి దాని నిప్పురవ్వ ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ విరామం లేదు, ఒకసారి ఆర్క్ పుడితే మండుతూనే ఉంటుంది. అందుకే సరిగ్గా క్రింప్ చేయని ఒక్క కనెక్టరు డాబా మీద నిప్పుకు దారి తీయగలదు. వైరు తొడుగు ఎక్కడో గీసుకుపోతే వానాకాలం ఉదయం నేను ఇన్సులేషన్ ఫాల్టు చూపించి పని మానేస్తాను. ఆ గీత ఎక్కడుందో వెతకడానికి అమ్మకాల నైపుణ్యం పనికిరాదు. మెగ్గర్ పట్టడం, ఎర్తింగ్ కొలవడం రావాలి.

కదిలే భాగాలే లేని పలకలకు రిపేరు ఏముంటుంది, బిగించాక పని అయిపోయినట్టేగా అంటారు. సగం నిజమే, పలకలకు పాతికేళ్ల వారంటీ ఉంటుంది. నాకు మాత్రం అయిదు నుంచి పదేళ్లే. అంటే ఆ పలకల జీవితకాలంలో నన్ను ఒకటి రెండుసార్లయినా మార్చాలి. దుమ్ము, వాటర్ ట్యాంకు నీడ, తుప్పు పట్టే క్లాంపులు ఎలాగూ ఉంటాయి. సబ్సిడీ ఆగితే పనీ ఆగుతుందన్న భయం కొత్త బిగింపుల విషయంలో సబబే. ఇప్పటికే డాబాలెక్కిన పలకలు సబ్సిడీని చూసి కిందికి దిగవు కదా! సబ్సిడీ తీసుకున్న ప్లాంటుకు అయిదేళ్లు నిర్వహణ చూడాల్సిన బాధ్యత బిగించినవారిదే. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఎవరివి? నా లెక్కలో ఈ వృత్తికి అసలు చోటు అక్కడే ఉంది.

సోలార్ పని నేర్పే మూడు నెలల సూర్యమిత్ర శిక్షణ చాలదా అనే ప్రశ్నా ఉంది. 2015లో మొదలైన ఆ కోర్సు మంచిదే. కానీ అది ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటి ఐటీఐ చదువుల మీద కట్టే అంతస్తు, పునాది కాదు. ఇంకొందరు జీతాల సంగతి ఎత్తుతారు. బోల్టులు బిగించడం దగ్గరే ఆగితే కూలీ తక్కువే, కాదనను. ఫాల్టు పట్టగలవాడికి బేరమాడే బలం వేరు.

చేతిపనితోనే అంతా అయిపోదు, ఉన్నదున్నట్టు చెప్పే నోరూ కావాలి. మేలో పలకల వేడి 60 డిగ్రీలు దాటితే ఉత్పత్తి పదో వంతుకు పైగా పడిపోతుంది. ఇక కరెంటు పోతే, ఎండ ఎంత కాస్తున్నా నేను ఆగిపోతాను, ఇంట్లో ఫ్యానూ ఆగుతుంది. నేను ఆగకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు వెనక నుంచి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. బ్యాటరీ లేని సోలార్ కోతల్లో ఆదుకోదని సంతకం పెట్టించుకోవడానికి ముందే ఇంటాయనకు చెప్పాలి. చెబితే కొన్ని ఆర్డర్లు పోతాయి, పోనీ.