సోలో ఒక్కటీ వింటే పాట విన్నట్టేనా?

పింక్ ఫ్లాయిడ్ అభిమానులమని చెప్పుకునే ఈ కాలం పిల్లలు 'కంఫర్టబ్లీ నంబ్' ఏ కచేరీలో బాగా కుదిరిందో వాదించుకుంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. వాదించుకోవడం తప్పని కాదు. మేమూ రాత్రుళ్లు తెల్లవార్లూ అదే పని చేశాం. కానీ వీళ్లు పోల్చేది పాటను కాదు. చివర్లో డేవిడ్ గిల్మోర్ వాయించే రెండో గిటార్ సోలోను. అదైనా పూర్తిగానా? ఎవరో కత్తిరించి పెట్టిన ముక్క. మా మేనల్లుడు ఫోను నా మొహం ముందు పెట్టి, "మావయ్యా, ఈ గిల్మోర్ పాంపే కచేరీ చూడు, పల్స్‌ని మించిపోయింది" అంటాడు. "ఇందులో చరణం ఎవరు పాడార్రా?" అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. చరణం ఎవరు పాడారో తెలియనివాడు ఏది గొప్పదో ఎలా తేలుస్తాడు?

మా తాతగారి తరం రాయబారం పద్యాలను ఇలాగే పోల్చుకునేది. ఏ ఊళ్లో ఏ నటుడు ఎలా పాడాడో, ఎక్కడ వన్స్‌మోర్ పడిందో పూసగుచ్చినట్టు చెప్పేవారు. పద్యం మొత్తం వదిలేసి, చివరి రాగం ఒక్కటి విని తీర్పు చెప్పినవాణ్ని మాత్రం నేను చూడలేదు.

మా రోజుల్లో, అంటే ఎనభైల చివర సికింద్రాబాద్‌లో, ఈ పాటకు లైవ్ అంటే మా జట్టుకు ఒక్కటే ఆధారం. 1988లో వచ్చిన 'డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్'. ఒకడి అన్నయ్య అమెరికా నుంచి తెచ్చాడు. దాన్ని ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాం. కాపీకి కాపీ తీసేకొద్దీ బుస పెరిగేది. పాటేమో దాదాపు అన్నిటికంటే చివర ఉంటుంది. ఊరికే ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కితే టేపు ఇరుక్కుంటుందని భయం. అందుకని ముందున్నవన్నీ వింటూ అక్కడికి చేరేవాళ్లం. 1995లో 'పల్స్' వచ్చాక మరీనూ. 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదలునుంచి తుదిదాకా, ఆపైన 'విష్ యూ వర్ హియర్', ఆ తర్వాతే ఇది. 1994 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో కూర్చున్నవాళ్ల చెవిలో పడ్డ వరుస కూడా అదే. తొమ్మిదిన్నర నిమిషాల ఆ పాటలోకి అడుగుపెట్టేసరికి మనసు అందుకు తయారై ఉండేది. నేరుగా సోలో దగ్గరికే దూకేవాడికి ఆ తయారీ ఎక్కణ్నించి వస్తుంది?

అసలు ఈ పాటలో ఇద్దరు మనుషులున్నారు. చరణాల్లో డాక్టరు మాట్లాడతాడు. కదల్లేని గాయకుడికి సూది గుచ్చి స్టేజి ఎక్కించడమే ఆయన పని. పల్లవిలో ఆ గాయకుడి జవాబు. 'ద వాల్' రికార్డు మీద డాక్టరు రోజర్ వాటర్స్, జవాబు చెప్పేది గిల్మోర్. 1977లో ఫిలడెల్ఫియా కచేరీకి ముందు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న వాటర్స్‌కి ఒక డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి వేదిక మీదికి పంపాడు. మాటలు ఆ రాత్రిలోంచి పుట్టాయి. బాణీ గిల్మోర్‌ది. తన మొదటి సొంత ఆల్బం నాటినుంచి వాడకుండా దాచుకున్నది. పాట తుదిరూపం ఎలా ఉండాలో ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు. ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరమే పాటలో చరణానికీ పల్లవికీ మధ్య వినిపిస్తుంది. అది చెవిన పడనివాడికి సోలో ఎందుకంత ఏడుస్తుందో అర్థం కాదు.

ఇంకో సంగతి. రికార్డు మీది సోలోను గిల్మోర్ ఒక్క ఊపులో వాయించలేదు. అయిదారు సార్లు వాయించి, వాటిలో బాగున్న ముక్కలు ఏరి కూర్చాడు. అంటే ఆ సోలో ఏకధాటిగా ఒక మనిషి చేతిలోంచి వచ్చింది కచేరీల్లోనే. ఈ పాటకు లైవ్‌లు పోల్చడం వృథా కాదనడానికి ఇదే కారణం. పోల్చండి, నేనూ వస్తాను. కానీ ఏరికూర్చిన దాన్ని ఆయన వేదికమీద నిండుగా వాయిస్తే, మీరు మళ్లీ కత్తిరించుకుని ముక్కలుగా వింటున్నారు.

మా జట్టులో సగంమంది పల్స్ పక్షం. సోలో మధ్యలో పెద్ద అద్దాల బంతి పూవులా విచ్చుకుని హాలంతా వెలుగు చిమ్ముతుంది కదా, ఆ వీడియో చూశాక వాళ్లను కదిలించడం నా తరం కాలేదు. సోలో విషయంలో నాకూ పేచీ లేదు, అంత నిండుగా ఆయన మళ్లీ వాయించలేదనే అంటాను. నా పేచీ చరణాలతో. వాటర్స్ బృందం విడిచి వెళ్లాక డాక్టరు మాటలను రిచర్డ్ రైట్, గై ప్రాట్, జాన్ కారిన్ ముగ్గురూ కలిసి పాడారు. ఒంటరి రోగి మీదికి ఒంగి మాట్లాడే గొంతు ఒక్కటే ఉండాలి. ముగ్గురు కలిసేసరికి ఆ భయం పోయింది. 2006లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డేవిడ్ బోవీ ఒక్కడే పాడి ఆ లోటు తీర్చాడు. ఆ చల్లని గొంతు విన్నాక మా పల్స్ వీరులు కూడా కాసేపు నోరెత్తలేదు.

2002 ఏప్రిల్‌లో వాటర్స్ బెంగళూరు వచ్చాడు. రాత్రి రైలెక్కి వెళ్లాం. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో డాక్టరు గొంతు అసలైనదే, గిటార్ మాత్రం గిల్మోర్‌ది కాదు. స్నోయీ వైట్, మరో గిటారిస్టు పంచుకుని వాయించారు. స్నోయీ వైట్ 1980 'వాల్' కచేరీల్లోనూ ఉన్నవాడే, కొత్తవాడేం కాదు. చుట్టూ లేచిన చేతుల్లో ఫోన్లు లేవు. తిరుగు ప్రయాణంలో గిల్మోర్ లేని ఈ పాటను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని వాదించుకుంటూనే వచ్చాం. తీసుకోవాలనే నేనన్నాను, ఇప్పటికీ అంటాను. 2022లో అదే వాటర్స్ గిటార్ సోలోలు లేకుండా పాటను కొత్తగా రికార్డు చేశాడు. అదీ నాకు నచ్చలేదు. సోలో తీసేసినా, సోలో ఒక్కటే ఉంచినా పాటకు జరిగే అన్యాయం ఒకటే.

2005 జులై 2న హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీ. 1981 తర్వాత మొదటిసారి బృందంలోని నలుగురూ ఒకే వేదిక ఎక్కారు, ఇదే పాటతో ముగించారు. సోలో చిన్నదని మా మేనల్లుడి జట్టు దానికి కింది స్థానం ఇస్తోంది. ఒరేయ్, ఆ రాత్రి చరణం వాటర్స్ పాడితే గిల్మోర్ జవాబు చెప్పాడు! మధ్యలో అన్నేళ్ల వైరం ఉంది. మూడేళ్లకు రైట్ పోయాడు, ఇక ఆ నలుగురూ కలిసే ప్రసక్తే లేకుండా పోయింది. ఇది సోలో నిడివితో కొలిచేదా?

ఇక నా ఓటు. 1980-81 ఎర్ల్స్ కోర్ట్ రాత్రులకు. 2000లో అవి అధికారికంగా ఆల్బంగా వచ్చాయి. ప్రేక్షకులకూ బృందానికీ మధ్య దాదాపు 40 అడుగుల అట్ట ఇటుకల గోడ. కింద వాటర్స్ ఒక్కడే నిలబడి చరణం పాడతాడు. పల్లవి అందుకునే వేళకు గోడ నెత్తిన, అప్పటిదాకా చీకట్లో నిలబడ్డ గిల్మోర్ వెనక దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. అడిగేవాడు కింద, జవాబు చెప్పేవాడు పైన. పాటలో ఏముందో వేదిక మీద కూడా అదే ఉంది. కీబోర్డు దగ్గరున్న రైట్‌ని అప్పటికే బృందంలోంచి తీసేశారు. ఆ కచేరీలకు ఆయన జీతానికి వాయించాడు. ఇదంతా తెలిసి వింటే రెండో సోలో మొదటి స్వరానికే గుండె పట్టేస్తుంది.

మీ చేతిలో ఇప్పుడు ఈ కచేరీలన్నీ ఉన్నాయి. మేం ఏళ్ల తరబడి ఎదురుచూసినవి అడిగిన క్షణంలో వస్తాయి. కాబట్టి ఒక్కటే కోరుతున్నాను. ఈ ఆదివారం ఫోను పక్కన పెట్టి, మంచి స్పీకర్ల ముందు కూర్చుని, ఎర్ల్స్ కోర్ట్ 'వాల్' మొదటినుంచి వినండి, ఏదీ దాటెయ్యకుండా. ఆ తర్వాత కూడా పాంపేయే గొప్పదంటే రండి, కూర్చుని వాదించుకుందాం.