మొలతాడూ మెటల్ డిటెక్టరూ

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో జాతర అయినా మంత్రిగారి సభ అయినా ముందుగా దర్శనమిచ్చేది రెక్కల్లేని ద్వారబంధమే. దాని కింద నడిచిన ప్రతివారికీ అది కుయ్యిమంటుంది, పక్కన కుర్చీలోని కాపలాదారు తల ఎత్తకుండానే 'నడువుండ్రి, నడువుండ్రి' అంటాడు, జనం నడుస్తారు. ఇంత జరిగాక అది దేన్ని కనిపెట్టినట్టో తేల్చడం పండితులకూ సాధ్యం కాదు.

యంత్రం తెలివైనదే. నిలువు పలకల్లోని తీగచుట్టలు క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. అందులోకి వచ్చిన లోహంలో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు, బయలుదేరి ఎదురు క్షేత్రాన్ని కలిగిస్తాయి. ఆ తేడాను పసిగట్టి యంత్రం అరుస్తుంది. లోహం ఉందని చెప్పగలదే గాని ఎందుకుందో చెప్పలేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లోని తూటా కోసం గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే తీసుకువెళ్తే, పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా దానికి జవాబు చెప్పాయి, తూటా దొరకలేదు.

అక్కడ పరుపు చేసిన పని ఇక్కడ మొలతాడు చేస్తుంది. మొలతాడు అనగా నడుముకు కట్టుకునే తాడు. ఈ వివరణ అనవసరమే గాని, యంత్రం తయారుచేసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు కనుక చెప్పవలసివస్తున్నది. అది మూడు విధాలు: ఉత్త నల్లదారం, తాయెత్తు కట్టినది, వెండిది, పెద్దమనుషుల బీరువా తాళంచెయ్యి కూడా దానికే వేలాడుతుంది కాబట్టి నాలుగో విధాన్నీ అంగీకరించక తప్పదు. చేతి డిటెక్టరు నడుము దగ్గర కుయ్యిమనగానే 'ఏమున్నది పెద్దయ్యా?' అని ప్రశ్న, 'మొలదారం బిడ్డా' అని జవాబు. చూపించమనే అధికారం ఒకరికి ఉన్నా, చూడాలనే కోరిక గాని చూపాలనే కోరిక గాని ఎవరికీ లేనందున విచారణ అక్కడితో ముగుస్తుంది. ఆడవారి పుస్తెలతాడు, మట్టెలు, పిన్నీసులు విని విని విసిగిన కాపలాదారు, బీడీలు చుట్టే ఆమె సంచిలో తునికాకు కత్తిరించే కత్తెర ఉన్నా ఏమీ అడగడు. నిజంగా అడగవలసిన వస్తువు అదొక్కటే.

ఎర్గోనమిక్స్, అంటే పనిముట్టును మనిషి ఒంటికి ఒదిగేలా మలిచే శాస్త్రం, ఈ రంగానికి రాలేదనడం సరికాదు. నేలలో లోహం వెతికే డిటెక్టర్లకు వంపు తిరిగిన కాడ, మోచేతికి ఆసరా, కొన్నిటికి బరువు సరితూగేలా వెనుక అమర్చిన బ్యాటరీ ఉంటాయి. కాపలాదారు చేతిలోనిది మాత్రం పొట్టి కర్ర. ప్రతి పాదానికీ అతడు వంగి లేవాలి. గుప్తనిధుల కోసం రాత్రిళ్లు పాత గుళ్లు తవ్వేవారి భుజం మీద ఉన్న దయ, రోజంతా వంగి లేచేవాని నడుము మీద లేకపోవడం న్యాయం కాదు.

ఆ చప్పుడుకు విలువ ఉన్న కాలం ఈ నేలకు తెలుసు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తరువాతి దశాబ్దాల్లో, నక్సలైట్ల మందుపాతరల కోసం డిటెక్టరు పట్టుకొని కల్వర్టుల దగ్గర ముందు నడిచిన కానిస్టేబుల్‌కు చెయ్యి గుంజడం చిన్న విషయం కాదు. ఆ చెయ్యి ఏదో పల్లె రైతుబిడ్డది. పాతర పెట్టిన చెయ్యీ అలాంటి పల్లెదే.

ఇప్పటి పరికరాల్లో సున్నితత్వాన్ని, అంటే ఎంత లోహానికి అరవాలో ఆ హద్దును, మార్చే ఏర్పాటూ, చప్పుడుకు బదులు వణికే ఏర్పాటూ ఉంటున్నాయి. కొన్ననాటి అమరికను ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. కర్రను మూరెడు పొడిగించి, పిడిని కాస్త వంచి, హద్దును వెండి మొలతాడుకు ఒక గీత పైన నిలపాలి. అప్పుడు చిన్న చాకు తప్పించుకుంటుందని నిపుణులు అభ్యంతరం చెప్పవచ్చు. ఇప్పుడు కత్తెరే తప్పించుకుంటున్నదని వారికి మనవి.