ఎనిమిది వేల కెల్విన్ల దొరతనం

జెనాన్ బల్బు ఎన్నాళ్ళు వస్తుందని అడిగితే తయారుచేసినవాడు సుమారు 2,000 గంటలంటాడు. రోజూ రాత్రి గంటసేపు వెలిగించినా ఐదేళ్ళు దాటుతుంది. ఎదురొచ్చే మోపెడ్‌వాడు ఎన్నాళ్ళు వస్తాడన్న లెక్క మాత్రం ఏ అట్టపెట్టె మీదా వేయరు. నరసరావుపేట నుంచి వినుకొండ, పిడుగురాళ్ళ నుంచి దాచేపల్లి, మాచర్ల నుంచి సాగర్... ఏ రోడ్డెక్కినా చీకటి పడ్డాక నడిచేది ఆ రెండో లెక్కే.

ముందు సరుకు గొప్పదనం ఒప్పుకుందాం. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో రోడ్డెక్కింది. ఇందులో తీగ ఉండదు. చిన్న క్వార్ట్జ్ బుడ్డిలో జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు, ఎదురెదురుగా రెండు టంగ్‌స్టన్ మొనలు. బ్యాలస్ట్ అనే పెట్టె ఇరవై వేల వోల్టులకు పైగా దెబ్బ కొడితే ఆ మొనల మధ్య వెలుగు పుడుతుంది. 35 వాట్లు తాగి 3,200 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. మన మామూలు హెచ్4 హాలోజన్ లో బీమ్‌లో 55 వాట్లు తాగి ఇచ్చేది వెయ్యి. ఇంత వెలుగును ఊరిమీదికి వదిలితే ప్రమాదమని ఐరోపావాళ్ళకు ముందే తెలుసు. అందుకే వెనక సీట్లో బరువు పడ్డప్పుడు లైటు పైకి లేవకుండా దానంతటదే దించే ఏర్పాటూ, అద్దం మీద దుమ్ము కడిగే పిచికారీ కూడా ఉండాలని చట్టం చేసుకున్నారు.

మనకు ఆ ఏర్పాట్లు వద్దు. వెలుగు చాలు.

ఐదారేళ్ళకు కంపెనీ బల్బు నీరసించి, నీలానికో గులాబీకో తిరుగుతుంది. ముప్పై లక్షల కారున్న పెద్దమనిషి షాపు ముందు ఆపుతాడు. మెకానిక్ బానెట్ లేపి చూసి, "జంటగా మార్చాలన్నా. ఒకటే మారిస్తే రంగు తేడా కొడతది" అంటాడు. ఒక్కో బల్బు వేలల్లో ఉంటుంది. కొన్ని కార్లకు బంపర్ విప్పితే గానీ చెయ్యి దూరదు, దానికి కూలి వేరు. బ్యాలస్ట్ కూడా పోయిందంటే బిల్లు ఇంకా పెరుగుతుంది. అన్న మొహం మాడిపోతుంది. పోయిన వారమే పుట్టినరోజు ఫ్లెక్సీలకు అంతకు పదింతలు పోసిన చెయ్యి, జేబులోకి పోవడానికి మొరాయిస్తుంది. "ఏందయ్యా, రెండు బుడ్లకా ఇంత? ఒకటి ఒరిజినలెయ్, రెండోది చైనాదెయ్" అని తీర్పు చెబుతాడు. ఆ రాత్రి నుంచి ఆ కారుకు మెల్లకన్ను.

ఇతను నయం. అసలు దొరలు జెనాన్ లేని బండికి జెనాన్ కిట్ వేయించేవాళ్ళు. మంచి కంపెనీ బల్బు ఒక్కటి కొనే డబ్బులో రెండు బల్బులు, రెండు బ్యాలస్ట్‌లు, వైర్లు, పైన గ్యారంటీ అనే ఒక అబద్ధం, అన్నీ కలిపి వస్తాయి. హెచ్4 బల్బును ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. లో బీమ్ తీగ కింద చిన్న రేకు దొప్పె ఉంటుంది. వెలుగు పైకి పోకుండా, ఎదుటివాడి కళ్ళలో పడకుండా ఆపేది ఆ దొప్పే. హెడ్‌లైటు డూమునంతా ఆ తీగ ఉన్నచోటును బట్టే మలిచారు. అందులోకి మూడింతల వెలుగున్న పరాయి బుడ్డిని దూరిస్తే కాంతి దిక్కు తోచక చెదిరిపోతుంది. రోడ్డుపక్క వేపచెట్టు చిటారుకొమ్మన కాకిగూడు స్పష్టంగా కనిపిస్తుంది, ముందున్న గుంట మాత్రం కనిపించదు.

ఇక కెల్విన్ల పిచ్చి. కంపెనీ జెనాన్ వెలుగు 4,300 కెల్విన్ల దగ్గర ఉంటుంది. అది రంగు కొలత, బలం కొలత కాదు. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలమవుతుంది, రోడ్డు మీద పడేది తగ్గుతుంది. మనవాడికి అంకె పెద్దదైతే పవర్ పెద్దది. "ఎనిమిది వేలది ఎయ్యి బ్రదరూ" అంటాడు. ముసలి జెనాన్ చచ్చేముందు తిరిగే ఆ నీలాన్ని కొత్తగా డబ్బిచ్చి కొనుక్కుంటాడు.

ఇలాంటి బళ్ళు రెండు ఎదురెదురు పడ్డప్పుడు చూడాలి తమాషా. పల్నాటి యుద్ధం కోడిపందెంతో రాజుకుందని కథ. ఇప్పుడు దానికి డిప్పర్ చాలు. ఎవడూ ముందు దించడు. లైటు దించితే మీసం దించినట్టే. ఇద్దరి పౌరుషానికీ మధ్య భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకున్న బైకువాడు ఉంటాడు. అరవై వేగంలో మూడు సెకన్లు కళ్ళు బైర్లు కమ్మితే అతను యాభై మీటర్లు గుడ్డిగా పోతాడు. ఆ యాభై మీటర్లలో వెనక లైటు లేని పత్తి ట్రాక్టరు ఉండొచ్చు, రోడ్డుమీద నెమరేసుకుంటున్న గేదె ఉండొచ్చు. కోటప్పకొండ తిరునాళ్ళ విద్యుత్ ప్రభ శివరాత్రికే వెలుగుతుంది, మనిషి నడకకన్నా మెల్లగా కదులుతుంది, చుట్టూ జనం కాపు కాస్తారు. ఈ నాలుగు చక్రాల ప్రభకు తిథీ లేదు, బ్రేకు తొక్కే అలవాటూ లేదు.

చట్టం లేదా అంటే దివ్యంగా ఉంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 106వది చెబుతోంది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 చట్టం 52వ సెక్షన్. మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని 2019లో చేర్చారు. ఎడమ కన్నూ కుడి కన్నూ కలిపి ఒక మార్పా, రెండా అన్న మీమాంస తేలకే కాబోలు, ఎవరినీ ఆపరు. తనిఖీ పట్టపగలు జరుగుతుంది. పగలు ఏ లైటైనా పతివ్రతే. ఒకప్పుడు హెడ్‌లైటు మధ్యలో నల్లబొట్టు ఉండేది. దిష్టిచుక్కలా ఉన్నా, దానివల్ల నాలుగు కళ్ళు బతికేవి. ఇప్పుడు ఆ అద్దం మీద బొట్టుకు చోటు లేదు. ఖాళీ ఉన్నచోటల్లా నాయకుడి స్టిక్కరు.

కాబట్టి కొనబోయే అన్నకొక మాట. కిట్ బిగించాక అక్కడే లైటు వేసి, డబ్బులు ఇవ్వకముందే ఎనిమిది మీటర్లు బండి ముందుకు వెళ్ళి, మోపెడ్ సీటు మీద కూర్చుని ఆ వెలుగులోకి చూడు. చూడలేకపోతే విప్పించెయ్. హెచ్4 హాలోజన్ బల్బు ఇప్పటికీ రెండు మూడు వందలకే దొరుకుతుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు.