చెవులు రెండు, ఛానళ్లు ఎనిమిది

గేమింగ్ హెడ్‌సెట్ అమ్మేవాళ్లకు మన చెవుల మీద నమ్మకం తక్కువ. అమ్మకమంతా కళ్ల మీదే నడుస్తుంది. పెట్టె నల్లగా ఉండాలి, దాని మీద కోరల జంతువొకటి గర్జించాలి, పక్కనే 50 మి.మీ. డ్రైవర్, 7.1 సరౌండ్, 40,000 హెర్ట్జ్ అంటూ అంకెలు బారులు తీరాలి. చెవి కప్పుల మీద రంగురంగుల లైట్లు వెలగాలి. పెట్టుకున్నవాడికి అవి ఎలాగూ కనబడవు గనక ఆ ఖర్చును పరోపకారం కింద రాసుకోవచ్చు. రెండు మూడు వేల రూపాయల సరుకులో ఇన్ని హంగులకు డబ్బు ఎక్కడో ఒకచోట మిగల్చాలి కదా. చెవికి తగిలే మెత్తలోనో, నోటి ముందున్న మైకులోనో, విరిగే చోటనే పెట్టిన కీలులోనో మిగులుస్తారు. అందుకే ఒకే ధరకు రెండు కనబడితే, చూపుకు చప్పగా ఉన్నదాన్నే ముందు చేతిలోకి తీసుకోమంటాను.

మనిషి చెవి మంచి వయసులో వినగలిగేది 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. ఆ పైన ఉన్నదంతా గబ్బిలాల వాటా. హార్స్‌లీ కొండల గబ్బిలాలు బీజీఎంఐ అనే ఫోన్ ఆట ఆడటం మొదలుపెట్టేదాకా ఆ 40,000 ఎవరికీ అక్కరకు రాదు. ఇక మిల్లీమీటర్లు. డ్రైవర్ అంటే లోపలుండే చిన్న స్పీకరు. దాని పొర దేంతో చేశారు, కప్పు లోపల గాలి ఎలా ఆడుతుంది, మెత్త చెవి చుట్టూ ఎంత బాగా అతుక్కుంటుంది అన్నవి తేల్చే సంగతిని వెడల్పు ఒక్కటే తేల్చలేదు. పైగా పెద్ద డ్రైవర్ అని చెప్పి బాస్‌ను దంచికొట్టిస్తారు. గ్రెనేడ్ పేలితే గుండె అదురుతుంది, ఆ అదురులో మెట్లెక్కి వస్తున్న శత్రువు అడుగుల చప్పుడు మునిగిపోతుంది. కొలతతో గుణం తేలదన్న మాట పుంగనూరువాళ్లకు ఇంకొకరు చెప్పాలా? వాళ్ల మీటరు ఎత్తు కూడా లేని ఆవు పాలల్లో వెన్న 8 శాతం దాకా ఉంటుందంటారు, మామూలు ఆవు పాలల్లో 3, 4 శాతమే. ఆవును కొలబద్దతో బేరమాడేవాణ్ణి చూసి నవ్వే ఊళ్లో కూడా హెడ్‌సెట్ దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద బయటికొస్తోంది!

7.1 అంటే లెక్క ప్రకారం ఎనిమిది ఛానళ్లు. పెట్టె విప్పి చూస్తే చాలావాటిలో ఉండేవి రెండే స్పీకర్లు, మిగతా ఆరూ సాఫ్ట్‌వేర్ సృష్టి. అసలు దిక్కు కనిపెట్టడానికి రెండు చెవులు ఎలా సరిపోతున్నాయో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, మెదడుకు అదే చాలు. ముందా వెనకా అన్నది చెవిడొప్పల మడతలు చెబుతాయి. మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో 1919లో మార్గరెట్ కజిన్స్ జనగణమనకు స్వరం రాసింది కూడా రెండు చెవుల భరోసాతోనే. సరౌండ్ పెట్టాక వెనకనుంచి వచ్చేవాడు నిజంగానే తెలుస్తున్నాడే అనేవాళ్లున్నారు. నిజమే, ఆ సాఫ్ట్‌వేర్ సగటు చెవి మడతలను అనుకరిస్తుంది, మీ చెవి సగటుకు దగ్గరైతే లాభమే. కానీ ఇప్పుడు కొన్ని ఆటలు ఆ పని తామే చేస్తున్నాయి. ఆట ఒకసారి, హెడ్‌సెట్ ఇంకోసారి చేస్తే దిక్కులన్నీ కలగాపులగమవుతాయి.

మరి పెద్ద పోటీల్లో ఆటగాళ్లు అంతంత హెడ్‌సెట్లు పెట్టుకుంటారెందుకని ఇంకో ప్రశ్న. అలాంటి వేదికల మీద చాలాసార్లు ఆట శబ్దం వచ్చేది చెవిలోపల దూర్చుకున్న చిన్న ఇయర్‌ఫోన్లలోంచి. పైనున్న పెద్దదాని పని జనం కేకలను ఆపడం, ప్రాయోజకుడి పేరు కెమెరాకు చూపించడం. ప్రపంచమంతా మెచ్చుకున్న హైపర్ ఎక్స్ క్లౌడ్ హెడ్‌సెట్ పుట్టుక చూసినా గేమింగ్ అన్న పేరులో పెద్ద మహత్యం లేదనే తేలుతుంది. 2014లో అది గేమర్ల చేతికొచ్చింది గాని, దాని మూలం టాక్‌స్టార్ అనే చైనా కంపెనీ చేసిన ప్రో 80 అనే మానిటర్ హెడ్‌ఫోన్. మంచి హెడ్‌ఫోన్‌కు మైకు తగిలిస్తే గేమింగ్ హెడ్‌సెట్ అయింది. ఇంట్లో పాటలకు పనికొచ్చే హెడ్‌ఫోన్ ఇప్పటికే ఉన్నవాడు విడిగా ఒక చిన్న మైకు కొనుక్కుంటే సరిపోతుందన్న మాట ఏ పెట్టె మీదా అచ్చు వేయరు.

సరసమైన ధర ఎంత అన్నదానికి టమాటా మార్కెట్టున్న మదనపల్లెలో ఒక్క జవాబు దొరకదు. 2023 జులై ఆఖరులో టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు, 5000 రూపాయల హెడ్‌సెట్ 25 కిలోల సరుకు. కిలో 5 రూపాయలు పలికే రోజున అదే హెడ్‌సెట్ ఒక టన్ను. కొట్టేసిన ఎమ్మార్పీ పక్కన ఎర్రక్షరాల్లో వేసే తగ్గింపుకన్నా ఈ లెక్కే నాకు నిజాయతీగా కనబడుతుంది. మరీ చవకదానికి పోతే కీలు విరుగుతుంది, వైరు మొదట్లోనే తెగుతుంది అన్న అభ్యంతరం మాత్రం ఒప్పుకోక తప్పదు. వెయ్యిలోపు సరుకులో ఆ భయం ఎక్కువే. ఆ పైన వైరు ఊడదీసి మార్చుకునే వీలుందా, మెత్తలు విడిగా దొరుకుతాయా అన్నది చూడాలి.

మెత్తల దగ్గరే అసలు సుఖం ఉంది. పెట్టె విప్పి పది నిమిషాలు పెట్టుకుని అద్భుతం అనే వీడియోలు చూసి సుఖాన్ని అంచనా వేయలేం. బీజీఎంఐలో ఒక్కో ఆట దాదాపు అరగంట. మూడో ఆటలో చెవి అంచు నొప్పెడుతోందా, కళ్లజోడు కాడ కణతలోకి దిగుతోందా అన్నదే పరీక్ష. 300 గ్రాములు చేతిలో ఏమీ అనిపించదు, నడినెత్తి మీద గంటన్నర ఉంటే అనిపిస్తుంది. చెవి మొత్తం కప్పులో పట్టాలి, కప్పు చెవి మీద కూర్చోకూడదు. తోలులాంటి మెత్త బయటి చప్పుడును బాగా ఆపుతుంది, కానీ మే నెలలో చెమట పట్టిస్తుంది, కొంతకాలానికి పొరలు పొరలుగా ఊడి బుగ్గలకు అంటుకుంటుంది. గుడ్డ మెత్త చల్లగా ఉంటుంది, ఆ మేరకు ఇంట్లో మాటలూ వినబడతాయి. సంసారపక్షంగా చూస్తే అదీ మంచిదే. కుప్పంలో రైలెక్కితే ఎలక్ట్రానిక్స్ కొట్లుండే బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎంతో దూరం లేదు. పెట్టుకుని చూడనిచ్చే దుకాణం దొరికితే, ఆన్‌లైన్ తగ్గింపుకన్నా ఆ టిక్కెట్టే చవక.

వైర్లెస్ మోజు ఉన్నవాళ్లు ఒక్క సంగతి చూసుకోవాలి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో ఐదో వంతో ఆలస్యంగా వస్తుంది. తుపాకీ మోత చెవిన పడేసరికి గుండు ఎవరికి తగిలిందో తెలిసిపోయి ఉంటుంది. విడిగా గుచ్చుకునే డాంగిల్ ఉన్నవాటిలో ఈ బాధ బాగా తక్కువ, ధర ఎక్కువ. వైరుదే కొనేవాళ్లు ఫోన్‌కు 3.5 మి.మీ. రంధ్రం ఉందో లేదో ముందు చూసుకుంటే మంచిది.

ఇన్ని లెక్కలు చదువుల మీద పెట్టొచ్చు కదా అనే పెద్దలకు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇలాంటి ఆటలకు పతకాలిచ్చారని, డబ్బు పందేల ఆటలను నిషేధించిన 2025 చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించిందని చెప్పి చూడొచ్చు. వాళ్లు ఒప్పుకోరు. వాళ్లు నిజంగా పట్టుబట్టాల్సింది వాల్యూమ్ మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి పెంచితే 4 గంటలే. బయటి చప్పుడును ఆపే మంచి మెత్త ఉంటే వాల్యూమ్ పెంచాల్సిన పనే తగ్గుతుంది.

ఇక మైకు. దాన్ని కొన్నవాడు వినడు, జట్టు వింటుంది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో "మచ్చా, రైట్‌లో ఉండాడు రా" అన్న హెచ్చరిక తెలుగు, తమిళం, కన్నడం దాటి అందరికీ అర్థమవుతుంది, పక్కన కుక్కర్ విజిల్ దాన్ని మింగేయకపోతే. హెడ్‌సెట్ ఇంటికొచ్చిన రోజే ఫ్యాను ఫుల్లుగా పెట్టి, అర నిమిషం మాట్లాడి, రికార్డు చేసి వినండి. జట్టులో ఐదోవాడిగా ఫ్యాను చేరిందని తేలితే వెనక్కి పంపే గడువు ఇంకా మిగిలే ఉంటుంది.