జ్వరసందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

జ్వరము వచ్చె నంచు జాబు పంపగ లేక
కొలువు పోవు నేమొ కొత్త గనుక
మంచమందు లేక మార్గమందున లేక
టైపు చేసి చెరిపె టైపు చేసి.

అవతారిక

నాయకుడిది కరీంనగర్. మాదాపూర్‌లో ఒక బ్యాక్ ఆఫీసులో చేరి మూడు వారాలైంది. జీతం నెలకు 18,000. ఎస్సార్ నగర్ హాస్టల్లో ముగ్గురికి ఒక గది. కాలం సోమవారం ఉదయం ఆరున్నర. తొమ్మిదింటికల్లా సీట్లో ఉండాలి. థర్మామీటరు 101 అంటోంది. చేతిలో ఫోను, తెర మీద టీమ్ లీడర్ పేరు. ఈ సన్నివేశాన కవి పై పద్యం చెప్పాడు.

మెదక్ సీమలోని కొలచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి 'సంజీవని' అని పేరు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం ఆయన నియమాలు. మేమూ ఆయన దారినే నడుస్తాం. కాకపోతే రెండో నియమం పాటిస్తే పత్రికలో పేజీ నిండదు.

ప్రతిపదార్థం

జ్వరము వచ్చెన్ + అంచున్ = జ్వరం వచ్చిందని; జాబు = వాట్సాప్ మెసేజిని; పంపగ లేక = పంపడానికి చెయ్యాడక; కొత్త గనుక = ప్రొబేషన్‌లో ఉన్నవాడు కాబట్టి; కొలువు = ఉద్యోగం; పోవునేమొ = ఊడుతుందేమో అని; మంచమందు లేక = హాయిగా దుప్పటి కప్పుకుని పడుకోక; మార్గమందున లేక = అలాగని అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం వైపూ పోక; టైపు చేసి = మెసేజి కొట్టి; చెరిపె = తుడిచేశాడు; టైపు చేసి = మళ్ళీ కొట్టి...

వ్యాకరణ విశేషం

పద్యం 'చేసి' అనే అసమాపకక్రియతో ముగిసింది. ఇది దోషం కాదా? "టైపు చేసి, టైపు చేసి, చెరిపె" అని అన్వయించుకుంటే సరిపోతుందని కొందరు. అది పద్యాన్ని కాపాడే అన్వయమే గానీ నాయకుడిని కాపాడేది కాదు. ఏడు కావస్తున్నా మెసేజి పోలేదు. పని ముగియనప్పుడు సమాపకక్రియ వేస్తే కవి అబద్ధమాడినట్టు.

ఇక ఛందస్సు. యతి అంటే విరామస్థానం. కవి పాదానికొక విరామం చొప్పున నాలుగూ వాడుకున్నాడు. నాయకుడు ఒక్కటి అడగడానికే వణుకుతున్నాడు.

పాఠాంతరాలు

చెరిపిన ప్రతుల్లో నాలుగింటిని పరిష్కరించి ఇస్తున్నాం.

క ప్రతి: "సర్ గుడ్ మార్నింగ్ సర్, నిన్న రాత్రి నుంచి 103 జ్వరం సర్, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, రెండు సార్లు వాంతులు కూడా సర్." ఇందులో రెండు డిగ్రీలు, రెండు వాంతులు ప్రక్షిప్తాలు. థర్మామీటరు చెప్పింది 101 మాత్రమే. సగం నిజానికి సగం కల్పన కలిపితే నిజం కూడా కల్పనలాగే వినిపిస్తుందని నాయకుడే గ్రహించి చెరిపాడు.

చ ప్రతి: "సర్, ఈ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ చేయొచ్చా?" కంపెనీ ఇంకా ల్యాప్‌టాప్ ఇవ్వలేదు. పాఠం అసంగతం.

ట ప్రతి: "సర్, మా తాతగారు..." ఇక్కడితో ఆగింది. దేశంలోని సెలవు చీటీల రాతప్రతులన్నిటిలోనూ కనిపించే పాఠమే ఇది. ఈ తాతగారు జమ్మికుంటలో కులాసాగా ఉన్నారు, మనవడి పెళ్ళి చూస్తానంటున్నారు. కాబట్టి త్యాజ్యం.

త ప్రతి: "సారీ సర్, కొత్తగా చేరి ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి సర్, కొంచెం నలతగా ఉంది, మీరు రమ్మంటే వచ్చేస్తాను సర్." జ్వరం అన్న మాటే కనిపించని జ్వరసందేశం. చదివిన టీమ్ లీడర్ "సరే, వచ్చేయ్" అంటే తప్పు ఆయనది కాదు.

పూర్వవ్యాఖ్యాతల మతాలు

మాతృవ్యాఖ్య (ఫోనులో): "పానం మంచిగ లేకుంటె పోకు బిడ్డా. నౌకరి ఇంకోటి దొరుకుతది." కరుణ నిండిన వ్యాఖ్య. అయితే ఇంకో నౌకరికి ఎన్ని ఇంటర్వ్యూలకు తిరగాలో చెప్పలేదు.

పితృవ్యాఖ్య (అదే ఫోనులో, వెనక నుంచి): "కొత్తల్నే నాగా పెడ్తె ఎట్లరా? ఒక గోలి ఏస్కొని పో." ఈయన పాతికేళ్ళు ఆర్టీసీలో చేసినవారు. ఆ సర్వీసులో పెట్టిన సెలవుల లెక్క అడిగితే ఫోను అమ్మ చేతికి మారుతుంది.

సహగదీయం (రూమ్మేట్ రచన): "ఫోన్ స్విచాఫ్ చేసి పడుకో మామా. రేపు పోయి ఛార్జింగ్ లేదని చెప్పు." ఇది నాస్తికమతం. సందేశమే లేదంటుంది కాబట్టి ఖండించి వదిలేస్తున్నాం.

సహోద్యోగి వ్యాఖ్య: "సోమవారం మాత్రం పెట్టకు. వీకెండ్ లాగిస్తున్నావనుకుంటారు." జ్వరం పంచాంగం చూసుకుని రాదన్న ఇంగితం ఇందులో లోపించింది. అయినా లోకంలో బలంగా చెల్లుతున్న మతం ఇదే.

శంకాసమాధానాలు

శంక: ఇది నిజంగా జ్వరమేనా, లేక సోమవారమా?

సమాధానం: వైద్యులు మామూలుగా 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం అంటారు. 101 దాటేసింది కాబట్టి శంక నిలవదు. ఆయుర్వేదం జ్వరాలు ఎనిమిదంది: వాతపిత్తకఫాల వల్ల విడివిడిగా మూడు, రెండేసి కలిసి మూడు, మూడూ కలిసిన సన్నిపాతం, బయటి కారణాలతో వచ్చే ఆగంతుజ్వరం. 'ప్రొబేషన్ జ్వరం' అని తొమ్మిదోది చేర్చాలని మాకు ఉబలాటం కలిగింది. తీరా చూస్తే ప్రాచీనులు ఆగంతుజ్వరాల్లోనే భయం వల్ల వచ్చేదాన్నీ లెక్కపెట్టేశారు. మనకు మిగిల్చిందేమీ లేదు.

శంక: పితృవ్యాఖ్య ప్రకారం డోలో 650 వేసుకుని పోవచ్చు కదా?

సమాధానం: పారాసిటమాల్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. ఎనిమిదింటికి మింగితే లంచ్ వేళకు వేడి తిరిగొస్తుంది. మాత్ర జ్వరాన్ని దించుతుంది గానీ, వచ్చింది ఫ్లూ అయితే పక్కవాడికి అంటకుండా ఆపదు. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ మందు వేసుకోకుండానే 24 గంటల పాటు జ్వరం లేకుంటే బయటికి వెళ్ళమంటుంది. కిటికీలు తెరవని ఏసీ హాల్లో పదిమందికీ జ్వరం పంచినవాడిని ఏ టీమ్ లీడరూ అంకితభావం గలవాడని మెచ్చుకోడు.

శంక: కొత్తవాడికి అసలు సెలవు ఉంటుందా?

సమాధానం: ఇక్కడ శాస్త్రాలు మూడు. తెలంగాణలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మొదటి పన్నెండు నెలల సర్వీసులోనే జీతంతో 12 రోజుల అనారోగ్య సెలవు ఇచ్చింది. ఏడాది నిండేదాకా ఆగమనలేదు. రెండోది ఆఫీసు స్మృతి, అనగా హెచ్ఆర్ పంపిన పీడీఎఫ్. ప్రొబేషన్‌లో సెలవు పెడితే లాస్ ఆఫ్ పే అని అందులో ఉన్నట్టు నాయకుడికి ఎవరో చెప్పారు. చట్టం శ్రుతి, పీడీఎఫ్ స్మృతి. రెండూ విభేదిస్తే శ్రుతిదే పైచేయి అని మీమాంసకులు. జీతాల రోజున మాత్రం స్మృతిదే రాజ్యం. అప్పుడు పోయేది 18,000లో ముప్పయ్యో వంతు, 600 రూపాయలు.

మూడోది ఈఎస్ఐ. నెలకు 21,000 దాకా జీతం ఉన్నవారికి వర్తిస్తుంది కాబట్టి నాయకుడి జీతంలో ముప్పావు శాతం, 135 రూపాయలు, అటు పోతుంది. వైద్యం చేరిన రోజు నుంచే దొరుకుతుంది. జబ్బు రోజులకు జీతంలో 70 శాతం నగదు రావాలంటే కొత్తవాడు తొమ్మిది నెలలు ఆగాలి. వచ్చినప్పుడూ మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. అంటే జ్వరం రావచ్చు గానీ కాస్త ముహూర్తం చూసుకుని, నిదానంగా, మూడు రోజులకు తగ్గకుండా రావాలని భావం.

రసాలంకారాలు

అలంకారం సందేహం. ఇదా అదా అని తేల్చుకోలేకపోవడం దాని లక్షణం, మూడో పాదం దానికి లక్ష్యం. రసం భయానకం. ఆలంబనం టీమ్ లీడర్. ఉద్దీపనం ఆయన పేరు కింద వెలుగుతున్న 'ఆన్‌లైన్'. ఆ భయానికి పూర్వకావ్యంలో ఆధారముంది. మేఘసందేశంలో యక్షుడు కొలువులో ఏమరుపాటు చూపినందుకే కుబేరుడు ఏడాది పాటు ఇల్లు విడిచి పొమ్మన్నాడు. ఆ యక్షుడూ కబురు పంపడానికి దూతనే వెతుక్కున్నాడు. కాకపోతే మేఘానికి నీలం టిక్కులు ఉండవు.

సాత్త్వికభావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వణుకు, వివర్ణత, కన్నీరు, మూర్ఛ. ఆలంకారికులు వీటిని నాయికానాయకుల కోసం చెప్పారు గానీ ఎనిమిదీ జ్వరపీడితుడికి సరిగ్గా సరిపోతాయి. వీటిలో స్వరభంగం విశేషం. మెసేజి బదులు ఫోను చేసే ప్రతి ఉద్యోగీ, జబ్బు కాలి మడమకు వచ్చినా సరే, గొంతు బొంగురు చేసుకునే మాట్లాడతాడు. దీన్ని సాత్త్వికం అనకూడదు, వాచికం అనాలి.

తాత్పర్యం

పాతవాడికి జ్వరమొస్తే రెండేళ్ళుగా అతను చేసిన పని అతని తరఫున సాక్ష్యం చెబుతుంది. కొత్తవాడికి అలాంటి సాక్షులు లేరు. అందుకని ఒళ్ళు నొప్పుల్నీ, వాంతుల్నీ, చివరికి తాతగారినీ సాక్షులుగా పిలుస్తాడు. సాక్షులు పెరిగేకొద్దీ కేసు బలహీనపడుతుంది. వర్ణన అవసరమయ్యేది కల్పనకే. 101 జ్వరానికి ఆ అంకె చాలు. కొత్తవాడు రుజువు చేసుకోవలసింది జ్వరాన్ని కాదు, పనిని. అది రెండు వాక్యాల్లో కుదురుతుంది: చేతిలో ఉన్న పని ఏ దశలో ఉంది, మళ్ళీ ఎప్పుడు చెబుతాడు. ఆధారం లేనిది రాయకు, అక్కరలేనిది చెప్పకు అన్న మల్లినాథుడి నియమాన్ని మించిన సెలవు చీటీ సూత్రం మరొకటి లేదు. ఆ ప్రకారం సిద్ధాంతపాఠం ఇది:

"సర్, జ్వరం 101 ఉంది. ఈ రోజు రాలేను. శుక్రవారం ఇచ్చిన ఎంట్రీలు పూర్తయ్యాయి, షీట్‌లో ఉన్నాయి. రేపటి సంగతి సాయంత్రం ఆరింటికి చెబుతాను."

'రావచ్చా', 'మానవచ్చా' అనే ప్రశ్నలు ఇందులో లేవు. జ్వరం ఎవరి అనుమతీ తీసుకుని రాలేదు. ఇది షిఫ్టుకు కనీసం గంట ముందు టీమ్ లీడర్‌కే నేరుగా చేరాలి. గ్రూపులో పెడితే ఇరవై మంది దండం ఎమోజీలు పెడతారు, చూడవలసినవాడు చూడడు.

ఉత్తరభాగం

నాయకుడు ఏడూ పదికి ఈ పాఠం పంపాడు. ఏడూ పన్నెండుకి జవాబు వచ్చింది: "ఓకే. టేక్ కేర్."

ఇది సూత్రప్రాయమైన జవాబు, దీనికి వ్యాఖ్య అక్కరలేదని మా అభిప్రాయం. నాయకుడు ఒప్పుకోడు. ఓకే పక్కన ఆ చుక్క ఎందుకు పెట్టినట్టు? టేక్ కేర్ అంటే ఆరోగ్యం జాగ్రత్త అనా, ఉద్యోగం జాగ్రత్త అనా? రూమ్మేట్‌ని లేపి మరీ పూర్వపక్షం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. వ్యాఖ్య మాత్రం ఇంకా సాగుతోంది.