తెల్ల కీబోర్డు ఆసామి

తెల్ల కీబోర్డు కొనే ఆసామిని దుకాణంలోనే గుర్తుపట్టవచ్చు. అతను మీటలు నొక్కి చూడడు. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందని అడగడు. పెట్టెలోంచి తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, తన బల్లమీద మానిటర్ కింద, పక్కన ఒక బుల్లి మొక్కతో సహా అదెలా కనపడుతుందో ఊహించుకుంటాడు. ఇంటికి తెచ్చాక మొదటివారం దానిమీద చెయ్యి వేసేముందు చేతులు కడుక్కుంటాడు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వడు. భార్య కాఫీ కప్పు దానిపక్కన పెట్టబోతే గాల్లోనే అందుకుంటాడు. రెండోవారం కాఫీ వచ్చి పక్కన చేరుతుంది, మూడోవారం మిక్చర్ పొట్లం. ఆరునెలలు తిరిగేసరికి స్పేస్ బార్ మీద బొటనవేలు ఆనేచోట బూడిదరంగు మబ్బు, ఎంటర్ మీట అంచున జిడ్డు, సందుల్లో జంతికల నూక, తలవెంట్రుకలు, అడక్కపోతే మంచిదనిపించే మరికొన్ని పదార్థాలు. ఇవేవీ ఆసామికి కనపడవు. ఎవరో చూసినరోజున మాత్రం అన్నీ ఒక్కసారిగా కనపడతాయి. ఆ రోజు అతను చేసే పనిని లోకం శుభ్రం చేయడం అంటుంది. నేను పరువు కాపాడుకోవడం అంటాను. రెంటికీ తేడా ఏమిటంటే, మురికి ఏళ్ల తరబడి చేయలేని నష్టాన్ని పరువు ఒక్క ఆదివారం పూట చేసేస్తుంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. చవకరకం కీబోర్డులో మీటల కింద రబ్బరు బుడిపెలుంటాయి. బుడిపెల కింద మూడు పల్చని ప్లాస్టిక్ పొరలు. పైపొరమీదా అడుగుపొరమీదా కరెంటు పారే గీతలు అచ్చువేసి ఉంటాయి. మధ్యపొరకు ప్రతి మీట దగ్గరా ఒక రంధ్రం. మీట నొక్కితే బుడిపె దిగి, ఆ రంధ్రంలోంచి పైగీతను కిందిగీతకు ఆనిస్తుంది, తెరమీద అక్షరం పడుతుంది. నూక ఎంత రాలినా చాలామటుకు రబ్బరు పైనే ఆగిపోతుంది. మహా అయితే మీట బిరుసెక్కి రెండుసార్లు నొక్కించుకుంటుంది. ఆసామి రెండేళ్లపాటు పెరుగన్నం తింటూ ఈమెయిళ్లు రాసినా ఆ పొరల మధ్యకు ఒక్క మెతుకు చేరదు. అదే రెండు చెంచాల సబ్బునీళ్లు పడితే, పొరల అంచుల్లోంచి లోపలికి పాకి, గాలాడని ఆ ఇరుకులో రోజుల తరబడి కాపురముంటాయి. ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి, మూడు నొక్కితే ఒకటి కూడా పడదు. పొడి మురికిని ఓర్చుకునేలా తయారైన వస్తువు తడి శుభ్రతను ఓర్చుకునేలా తయారు కాలేదన్నమాట. (ఒలికిన కాఫీ మాటేమిటంటారేమో. దాన్ని మురికి అనలేం, అది ప్రమాదం. దాని కథ వేరు.)

ఈ సంగతులు ఆసామికి తెలియవు. తెలిసినా ఆగడు, ఎందుకంటే టైము లేదు. సాయంత్రం వియ్యాలవారు వస్తున్నారు, లేకపోతే తెల్లారితే ఆఫీసులో ఆయుధపూజ. తెల్లవారి ఎలాగూ గంధం, కుంకుమ బొట్లు పెట్టబోయే కీబోర్డును ముందురోజు రాత్రి మచ్చలేకుండా తుడవాలన్న పట్టుదల ఒక్కటి చాలు ఇతని తత్వం బోధపడటానికి. పరువుకు ఫలితం గంటలో కావాలి. కాబట్టి ఇంట్లో ఏది చేతికందితే అదే మందు. మరకల్లో మొదటి శత్రువు పసుపు. తెలుగింట్లో భోంచేసిన చేతికి కడుక్కున్నాక కూడా ఎంతోకొంత పసుపు మిగిలే ఉంటుంది, తెల్లమీటకు అది వెంటనే పట్టుకుంటుంది. పసుపులోని రంగుపదార్థం నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్లో కరుగుతుంది. ఆసామి నీళ్లతో రుద్దుతాడు, పోదు. బట్టల సబ్బు అందుకుంటాడు. పసుపు చీరకు సబ్బు పెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు, అతనికి తప్ప: క్షారం తగలగానే మరక ఎర్రబడుతుంది. దిష్టినీళ్లకు పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదీ ఇదే. ఇప్పుడతని కీబోర్డుకు దిష్టి తగలలేదు గానీ దిష్టి తీసినట్టయితే ఉంటుంది. కంగారుపడి ఎండలో పెడతాడు. ఇక్కడో చిన్న వింత ఉంది. పసుపు మరక ఎండకు వెలిసిపోయే మాట నిజమే. కానీ చాలా కీబోర్డుల మీటలు చేసేది ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో; అది ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తనంతట తానే పసుపెక్కుతుంది. ఎండ ఒక పసుపును తీసేసి తన సొంత పసుపును పెట్టడం మొదలుపెడుతుంది.

ఈ రెండో పసుపు దగ్గరే ఆసామి అసలు స్వభావం బయటపడుతుంది. పాత కంప్యూటర్ల పెట్టెలూ కీబోర్డులూ బిస్కెట్ రంగుకు తిరగడం అందరూ చూసిందే. అది మురికి కాదు, ప్లాస్టిక్కులోనే వచ్చిన మార్పు. ఎంత తుడిచినా రాదు, ఎందుకంటే తుడవడానికి పైన ఏమీ లేదు. పాత కంప్యూటర్లు దాచుకునే అభిరుచిపరులు 2008 ప్రాంతంలో హైడ్రోజన్ పెరాక్సైడు పూసి అతినీలలోహిత వెలుతురులో పెట్టి తెల్లబరిచే పద్ధతి కనిపెట్టారు. తెల్లబడినవి కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కడమూ వాళ్లే చూశారు. ఆసామికి ఈ తేడాలు పట్టవు. తెల్లగా లేనిదల్లా మురికే, మురికన్నదల్లా రుద్దితే పోవలసిందే. టూత్‌పేస్టుతో రుద్దుతాడు. పళ్లను మెరిపించే గరుకుపొడి మీటమీది నునుపునూ, దాంతోపాటు అచ్చువేసిన అక్షరాన్నీ కూడా మెరిపించి పంపించేస్తుంది. 'ఆ గోళ్లరంగు తుడిచేది ఎక్కడుందోయ్?' అని లోపలికి కేకేస్తాడు. 'ఎందుకండీ?' అన్న ప్రశ్న వినిపించుకుని ఉంటే బాగుండేది. అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగి మీటమీద అతని వేలిముద్ర శాశ్వతంగా నిలుస్తుంది. కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజర్ సీసా వంపుతాడు. చేతుల చర్మం ఎండిపోకుండా దానిలో సాధారణంగా గ్లిజరిన్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తయారీ కొలతల్లోనూ 1.45 శాతం ఉంది. ఆల్కహాల్ ఆవిరవుతుంది, గ్లిజరిన్ జిగటగా మిగిలి రేపటి దుమ్మును ఈరోజే ఆహ్వానిస్తుంది.

ఇక మీటలు ఊడబీకే ఘట్టం. ఆవేశం హెచ్చినప్పుడు ఆసామి స్క్రూడ్రైవర్ అందుకుని అన్నిటినీ పెరికి, గిన్నెలో పోసి, మరిగే నీళ్లు కుమ్మరిస్తాడు. వేడి ఎక్కువైతే ఏబీఎస్ వంగుతుంది. గోరువెచ్చని నీళ్లకు మించి అక్కర్లేదని ఎవరు చెప్పినా వినేవాడే గాని, ఎవరినీ అడగడు. స్పేస్ బార్ కింద ఒక సన్నటి తీగ ఉంటుంది, పొడుగు మీట ఏ మూల నొక్కినా సమంగా దిగడానికి. అది పెళపెళలాడుతూ బయటికొచ్చాకగానీ ఉన్నట్టు తెలియదు. అంతకంటే పెద్ద సమస్య తిరిగి పెట్టడం. 'పదిహేనేళ్లుగా కొడుతున్నాను, ఏది ఎక్కడో నాకు తెలియదా' అన్న ధీమాతో ముందుగా ఒక ఫొటో తీసుకోడు. ఈ ధీమాకు విరుద్ధంగా సాక్ష్యం ఉంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో నిమిషానికి సగటున 72 మాటలు కొట్టగల వందమందికి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే, 80 సెకన్లలో సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టారని 2013లో ప్రచురించారు. కీబోర్డు వేళ్లకు తెలుసు, మనిషికి తెలియదు. అంత వేగంగా కొట్టేవాళ్లే అలా ఉంటే, ఆసామి మీటల చోట్లు మరిచిపోవడంలో ఆశ్చర్యం లేదు.

సూక్ష్మజీవుల మాటేమిటని ఆసామి తరఫువాళ్లు అడగవచ్చు. మరుగుదొడ్డి సీటుమీదకంటే కీబోర్డుమీద ఎక్కువ క్రిములుంటాయట కదా, అతను కుటుంబాన్ని కాపాడుతున్నాడు కదా అని. ఈ పోలిక పుట్టింది 2002లో. అరిజోనా విశ్వవిద్యాలయంలో చార్ల్స్ గెర్బా బృందం ఆఫీసుల్లో లెక్కగడితే, చదరపు అంగుళానికి కీబోర్డుమీద 3,295, సీటుమీద 49 తేలాయి. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది క్లోరాక్స్, అంటే బ్లీచింగు ద్రావణాలమ్మే కంపెనీ. లెక్క అబద్ధమని నేననను. కానీ సీటు నున్నగా, పొడిగా ఉంటుంది, దాన్ని కడిగేవాళ్లుంటారు. దానికంటే మురికి అనిపించుకోవడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. పైగా ఎన్ని క్రిములున్నాయన్నది వేరు, జబ్బు తెచ్చేవి ఎన్నన్నది వేరు. ఒకరి కీబోర్డుమీద ఉన్నవి చాలావరకు వాళ్ల చర్మంమీంచి వచ్చినవే. పదిమంది వాడే కీబోర్డయితే, ఇంటర్నెట్ సెంటర్లోనో ఆస్పత్రి కౌంటర్లోనో, తుడవడం అవసరమే, అక్కడ ఈ అభ్యంతరానికి నేను తలవంచుతాను. కానీ మన ఆసామి కీబోర్డును అతనే వాడతాడు. నిజంగా భయం క్రిములదే అయితే తిన్నాక చేతులు కడుక్కుంటే సగం పని తీరుతుంది. చేతులు ఎవరికీ కనపడవు గనక అతనా పని చేయడు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: మురికి కీబోర్డును చంపదన్న నా మాట అన్నిచోట్లా నిలుస్తుందా? నిలవదు. ఆపిల్ కంపెనీ 2015లో మ్యాక్‌బుక్‌లో సీతాకోకచిలుక పేరుతో అతిపల్చని మీటలు తెచ్చింది. వాటి కింద ఎడం ఎంత తక్కువంటే, ఒక్క రేణువు దూరితే మీట ఇరుక్కుపోయేది, లేకపోతే ఒకటికి రెండు అక్షరాలు పడేవి. 2018లో కంపెనీ ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది, 2019 చివర్నుంచి పాతరకం మీటలకు తిరిగెళ్లింది, 2022లో ఆ విషయమై వేసిన దావాలో 5 కోట్ల డాలర్లకు రాజీపడింది. అక్కడ దుమ్మే హంతకి, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ దుమ్ముకు కంపెనీ చెప్పిన చికిత్స చూడండి: ల్యాప్‌టాప్‌ను 75 డిగ్రీల కోణంలో వాల్చి పట్టుకుని, గాలిడబ్బాతో ఎడమనుంచి కుడికి ఊది, పక్కకు తిప్పి మళ్లీ ఊది, రెండోపక్కకు తిప్పి మళ్లీ ఊదాలి. తడి మాటే లేదు. కోణమాని పట్టుకుని ఇలా చేసే ఆసామిని ఊహించుకోవడం కష్టం. అతను నోటితో ఉఫ్‌మని ఊది, దుమ్ముతోపాటు తుంపర కూడా జతచేస్తాడు.

పరువుతో నిమిత్తం లేనివాడు ఈ పని ఎలా చేస్తాడో చెప్పుకుంటే పెద్ద కథేమీ లేదు. వైరు పీకుతాడు, వైరు లేనిదైతే స్విచ్చి ఆపుతాడు. ఆసామి ఆపడు కాబట్టే పక్కింటికి వినపడేలా రుద్దుతున్నప్పుడు అతని మేనేజరుకు 'జజజజజ;;;;' అని అర్థరాత్రి సందేశాలు వెళుతుంటాయి. తర్వాత బోర్లించి మెల్లగా తడతాడు, మెత్తటి బ్రష్షుతో సందులు దులుపుతాడు. మందులషాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు అద్దుతాడు, కీబోర్డుమీద పోయడు. గుడ్డ పిండితే చుక్క రాలకూడదు. అక్షరాలు చెరిగే రకమేమోనని అనుమానముంటే, పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నొక్కని స్క్రోల్ లాక్ మీద ముందు పరీక్షిస్తాడు. మీట అంచులకు దూదిపుల్ల. ఆరనిస్తాడు. మొత్తం పావుగంట, నెలకోసారి. చూడటానికి ఇందులో వీరత్వం ఏమీ లేదు, చుట్టాలకు చెప్పుకోవడానికి అసలే లేదు.

ఇంత గొడవ దేనికి, నల్లది కొనుక్కోమనండి అనేవారున్నారు. నల్లదానిమీద మురికి ఉండదనుకోవడం పొరపాటు, కనపడదంతే. పైగా ఏబీఎస్ మీటలు వేళ్ల రాపిడికి నున్నబడి మెరుస్తాయి, నల్లరంగుమీద ఆ మెరుపు ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది. చవకది పారేసి ఇంకోటి కొంటే సరి అనేవారికి మాత్రం ఆసామే జవాబు. అతను సరిగ్గా అదే చేస్తాడు. మళ్లీ తెల్లదే తెప్పించుకుంటాడు. పాతది మాత్రం పారేయడు, పారేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. దాన్ని పెట్టెలో పెట్టి, కొత్తదాని బిల్లు తీసేసి, ఊళ్లో డిగ్రీ చదువుతున్న బావమరిదికి 'కడిగించి పంపుతున్నాను, కొత్తదానికిందే లెక్క' అని పంపిస్తాడు. వారం తిరక్కుండా ఫోనొస్తుంది.

'బావా, ఇందులో పి నొక్కితే క్యూ పడుతోందేంటి?'

'చూసి కొడితే అలాగే ఉంటుందిరా. చూడకుండా కొట్టు.'